పొడుగుమెడ కాయ

మా తమ్ముడికి బుర్ర ఉందని ఎవరైనా అంటే ఇకమీదట నేను ఒప్పుకోను. కారు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని పెరట్లో అవకాడో చెట్టు కొట్టించేశాడు. మొదలు పెకలించి, ఆ గుంట మీద సిమెంటు కూడా పోయించాడు.

"ఆదివారం దాకా ఆగరా, అంటు కట్టడానికి కొమ్మలు తీసుకుంటానని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదరా!"

"పనివాళ్ళు ముందే దొరికారక్కా. అయినా నీకోసం గింజలు దాచాను చూడు," అంటూ ఘనకార్యం చేసినవాడిలా నా చేతిలో సంచీ పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా హోటల్లో గ్వాకమోలే అనే అవకాడో పచ్చడి కోసం ఈ చుట్టుపక్కల కాసే అవకాడోలన్నీ తెచ్చి చూశాను. గుండ్రటి కాయ నీళ్ళోడుతుంది. ఊదారంగుది పీచు. మా పొడుగుమెడ కాయ ఒక్కటే అచ్చం వెన్న. ఎప్పుడో నాన్న తిని పారేసిన గింజ దానంతటదే మొలిచి చెట్టయింది. ఆ కాయ ఇంకెక్కడా లేదు.

"గింజ నాటితే ఇదే కాయ వస్తుందనుకున్నావా? ఏది కాస్తుందో దేవుడికే తెలియాలి. కొమ్మ అంటు కడితేనే ఇదే కాయ. ఏవిరా కొమ్మలు?"

గోడ పక్కన కుప్ప చూపించాడు. పట్టుకుంటే పుల్లలు ఫెళఫెళా విరిగాయి. కుప్పంతా వెతికాను. ఒక్క కొమ్మలోనూ పచ్చి లేదు.

మరదలు లోపల్నుంచి కాయలు తెచ్చింది. "ఆఖరివి వదినా. పండాయి."

ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర టకటకా తరిగాను. కాయలు కోసి, గుజ్జు తీసి, ఉప్పేసి, నిమ్మకాయ పిండి ఫోర్కుతో మెదిపాను. గిన్నె తమ్ముడి ముందు ఠక్కున పెట్టాను.

"అబ్బ! ఏం చేశావక్కా! ఈసారి ఇంకాస్త ఎక్కువ చెయ్యి, మా ఆఫీసువాళ్ళని పిలుస్తాను," అన్నాడు, నోటినిండా పెట్టుకుని.

మరదలు చెంచా కింద పెట్టేసింది.

"ఈసారి ఏంట్రా, ఈసారి! నీ నోట్లో ఉన్నదే ఆఖరు. దాన్నీ మింగు!" అని అరిచాను.

అప్పుడు వెలిగింది మహానుభావుడికి. నమలడం ఆపి, నా వంక చూసి, గిన్నె మెల్లగా నా వైపు జరిపాడు. ముట్టకూడదనే అనుకున్నాను. అయినా వేలితో అడుగంతా ఊడ్చి నోట్లో పెట్టుకున్నాను.

ఎంత బాగుందో! వాణ్ణి అక్కడికక్కడే చంపెయ్యాలనిపించింది.