వెనక్కొస్తూ ముందుకు పరిగెత్తే లైట్లు

తారీఖు పెద్దాయనకు బాగా గుర్తు. అక్టోబరు పదకొండు. ఆ రాత్రి తిన్నది ఉప్పు మరిచిన టమాటా సూపు, మాడిన రొట్టె. అల్లుడు వ్యానుకు రంగు లైట్లు పెట్టించుకొచ్చి, చూడమని అందరినీ వీధిలోకి లాక్కెళ్లడంతో కూతురికి పొయ్యి సంగతే గుర్తులేదు.

వ్యాను చుట్టూ నీలం, గులాబీ లైట్లు. ఊరికే వెలగవు; ఒకదాని వెంట ఒకటి వెనక నుంచి ముందుకు పరిగెడతాయి. రివర్స్ గేరు వేస్తే ఇంకా జోరుగా పరిగెడతాయి.

"ఎలా ఉంది మామయ్యా?"

"పెళ్లికి ముస్తాబైన రైలింజనులా ఉంది బాబూ."

"ప్యాసింజర్లు ఎగబడతారు చూడండి."

"ఎగబడతారో, కిందే పడతారో!"

అన్నంత పనీ అయింది. రోడ్డవతలి టైలరమ్మ ఆ లైట్లనే చూస్తూ రోడ్డు దాటబోయి, ఇటునుంచి వస్తున్న సైకిలుకు అడ్డం పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. "అది బండో, బొమ్మల కొట్టో! ఎంత దూరంలో ఉందో తెలిసి చావదు" అని తిట్టిపోసింది. చెయ్యి విరగలేదు, అదే పదివేలనుకున్నాడు పెద్దాయన. అల్లుడు మాత్రం, "నా బండి ఆమెను తాకనైనా తాకలేదు కదా మామయ్యా" అన్నాడు. ఇక గోడకు చెప్పుకున్నా ఒకటే, అతనికి చెప్పినా ఒకటే.

వాళ్ల సందు చివర గోడ. బండి తిప్పే చోటు లేదు. రోజూ చీకటి పడ్డాక అల్లుడు వ్యానును వెనక్కి నడుపుతూ సందులోకి తెస్తాడు. కూతురు వెనక నిలబడి "రానివ్వండి, రానివ్వండి, ఇంకొంచెం" అంటుంది.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం గోడ దగ్గర నీళ్ల బకెట్ అడ్డంగా ఉంది. "ఆగండి" అందామె. లోపల అతనికి వినపడలేదు. లైట్లు ముందుకు పరిగెడుతున్నాయి. తెల్లటి రివర్స్ లైటు ఆ రంగుల్లో ఎక్కడో కలిసిపోయింది. తన మాట విని బండి ముందుకే పోతోందనుకుని, ఆమె బకెట్ తీయడానికి వంగింది.

"ఆపరా!"

ఇన్నేళ్లలో అల్లుణ్ని "రా" అని పిలవని పెద్దాయన గుమ్మంలోంచి గొంతు చించుకున్నాడు. బ్రేకు పడింది. బకెట్ పచ్చడైంది. కూతురికీ బండికీ మధ్య బెత్తెడు చోటు మిగిలింది.

అల్లుడు దిగొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"అంత వెలుగులో కూడా కనపడలేదా నీకు?"

"వెలుగే కనపడింది! బండి కనపడలేదు!"

"మీ నాన్నకూ నీకూ ఆ లైట్లంటే పడదు, అంతే."

పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు. "బాబూ, నీ పెళ్లామయ్యా అది!"

 కూతురు మొగుడి చేతిలోంచి తాళం లాక్కుంది. పెళ్లికి ముందు తండ్రి దగ్గరుండి డ్రైవింగు నేర్పించాడామెకు. బండిని కాస్త ముందుకు తీసుకెళ్లి ఆపింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "పోయి గోడ దగ్గర నిలబడండి. నేను ఎటు వస్తున్నానో చెప్పండి" అంది.

"ఆ మాత్రం తెలీదా" అంటూ నిలబడ్డాడతను. లైట్లు ముందుకు దూకాయి. "ముందుకే పోతున్నావ్. అరే, రోడ్డు మీద ఎవరైనా..." అంటూ మెడ చాచి సందు మొదటికేసి చూశాడు. బంపరు నెమ్మదిగా వచ్చి మోకాలిని తాకింది.

గోడకు అతుక్కుపోయాడు. ఆమె బండి ఆపేసింది. 

తర్వాత అతనే కత్తెర తెచ్చుకున్నాడు. తీగలు కత్తిరించి, జిగురుతో సహా పట్టీలన్నీ పీకేశాడు. అక్కడక్కడా రంగు కూడా ఊడొచ్చింది. పెద్దాయన టార్చి పట్టుకున్నాడు. 

"నీకేమైనా అయ్యుంటే..." అన్నాడు అల్లుడు గుమ్మంలో ఉన్న భార్యతో.

"ముందు రేపటికి బకెట్ కొనుక్కురండి" అందామె. గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. కానీ అతని చేతికి అంటిన జిగురు తన కొంగుతోనే తుడిచింది.

ఇద్దరూ లోపలికి వెళ్లారు. పెద్దాయన టార్చి ఆర్పి, చప్పుడు కాకుండా వీధి తలుపు మూశాడు.