పాలు పొంగించారు, పడుకోనివ్వలేదు

నేను ఒక ఇంటిని. నాకు ఇటుక లేదు, సిమెంటు లేదు. వరిగడ్డిని మరలో వేసి గట్టిగా నొక్కితే వచ్చిన పలకలే నా గోడలు. అందరి ఇళ్ళకీ పునాది ఉంటుంది. నాకు ఇనుప కాళ్ళు ఉన్నాయి. ఎక్కడికి కావాలంటే అక్కడికి లారీ ఎక్కించి తోలుకుపోవచ్చు. నా కొంప ముంచినవి ఆ కాళ్ళే.

గడ్డి కోసిన పొలం నాకు గుర్తులేదు. విశాఖపట్నం అవతల ఒక రేకుల షెడ్డు మాత్రం గుర్తుంది. అక్కడ నన్ను రెండు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక పాయిఖానా. ఇలాంటివాటిని అగ్గిపెట్టెల్లాగ ఒకదాని మీద ఒకటి పేర్చి, గెడ్డల పక్కన, అంటే ఊరి మురుగు కాలవల ఒడ్డున, గుడిసెల్లో ఉన్నవాళ్ళకి తక్కువ ధరకి ఇస్తామన్నారు. నన్ను చేయడానికి బట్టీలో బొగ్గు కాల్చలేదు. పొయ్యి కరెంటుది, మంట ఉండదు. దానికీ దీపాలకీ కరెంటు ఎండలోంచి తీసుకుంటారు. అందుకని సున్నా కర్బనం ఇల్లు అని పేరు పెట్టి బోర్డు కట్టారు. నేను మొదటిదాన్ని, నమూనాని. నా వెనక నాలాంటివి వేలు వస్తాయన్నారు. ఇల్లు వెనక్కి తిరిగి చూడలేదు కదా, నమ్మాను.

మొదటిసారి నన్ను ఊళ్ళోకి తెచ్చినప్పుడు లారీ దారంతా నల్లటి పొగ వదిలింది. పైన పట్టా కట్టడం మరిచిపోయారు. వాన పడి నా తలుపు ఉబ్బిపోయింది. గడ్డికి నీళ్ళు తగిలితే అంతే. ఆనాటి నుంచి చినుకు పడితే చాలు, నా తలుపు పట్టేస్తుంది. కంపెనీ తరఫున అన్నీ చూసుకునే కుర్రాడు భార్గవ్ భుజం పెట్టి తోసి తెరిచేవాడు. తెరిచాక పెద్దమనుషుల వైపు తిరిగి, గట్టి తలుపండీ అని నవ్వేవాడు.

బీచి రోడ్డు మైదానంలో నన్ను దింపారు. నా నెత్తిన ఎండపలకలు పెట్టారు కాని, వాటికి తీగలు కలపలేదు. టైము చాలలేదట. నా వెనక డీజిల్ జనరేటర్ పెట్టి, దానికి అడ్డంగా పచ్చటి చెట్ల బొమ్మలున్న ఫ్లెక్సీ కట్టారు. ఆ చెట్ల వెనకనుంచి పొగ వస్తూనే ఉంది. ముందు మైకులో గాలి ఎంత శుభ్రంగా ఉండాలో చెబుతున్నారు.

ఆరోజే ఎర్నమ్మని చూశాను. లబ్ధిదారు అని వేదిక ఎక్కించారు. గెడ్డ ఒడ్డున గుడిసె ఆవిడది. మొగుడు అసిరయ్య మేడ కట్టే పనిలో సారవ కర్రల మీదనుంచి పడి నడుం పోగొట్టుకున్నాడు, లేవలేడు. వాన వచ్చి గెడ్డ పొంగితే గుడిసెలోకి నీళ్ళు వస్తాయి. ఎర్నమ్మ మంచం కోళ్ళ కింద రాళ్ళు పెట్టి మొగుణ్ణి పైకి లేపుకుంటుంది. నా ఇనుప కాళ్ళు చూడగానే ఆవిడ కళ్ళు అక్కడే ఆగిపోయాయి. మిగతావాళ్ళు నా రంగు చూశారు. భార్గవ్ ఫొటోలవాడితో అన్న మాట నాకు వినపడింది: "ఈవిణ్ణి తియ్యి. మొహంలో కష్టం బాగా పడుతుంది."

గృహప్రవేశం అన్నారు, పాలు పొంగించమన్నారు. ఎర్నమ్మ ఇంటినుంచి ఇత్తడి గిన్నె తోముకుని తెచ్చుకుంది. మంట లేని పొయ్యికి ఇత్తడి పనికిరాదు. కీచుమని ఆగిపోయింది. భార్గవ్ పరిగెత్తి టీ బడ్డీలోంచి స్టీలు గిన్నె తెచ్చాడు. పాలు పొంగి పొయ్యి మీద పడి మాడాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి ఎర్నమ్మకి చీర పెట్టి, అటు తిరిగి చేతులు తుడుచుకున్నాడు.

ఆవిడ కదల్లేదు. "బాబూ, పాలు పొంగించిన ఇంట్లో ఆ రాత్రి తొంగోవాల. దీపమెట్టాల. ఇల్లు ఒట్టిగా వొదిలీకూడదు."

"ఇది ప్రోగ్రామమ్మా. ఇల్లు తర్వాత ఇస్తాం. మొదటిది నీదే. పద, ఆటో వచ్చింది" అన్నాడు భార్గవ్.

"నాదే అయితే మరి ఆటో దేనికి బాబూ?"

భార్గవ్ ఫోనులో పడ్డాడు. వాళ్ళంతా టిఫిన్ల దగ్గరికి పోయినప్పుడు ఎర్నమ్మ లోపలి గదిలోకి వచ్చింది. కొత్త చీర తలకింద పెట్టుకుని నేలమీద పడుకుని కళ్ళు మూసుకుంది. వెంటనే లేచింది. గోడమీద చెయ్యి వేసి, "నిద్ర సేసినట్టే అనుకో తల్లీ. ఏటీ అనుకోకు" అంది. నాతో మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే. తక్కినవాళ్ళు నా గురించి మాట్లాడేవారు.

ఎర్నమ్మ వెళ్ళాక సందర్శకులు వచ్చారు. వాళ్ళ గురించి చెప్పాలంటే నాకు రోత. ప్రతివాడూ పుచ్చకాయని కొట్టి చూసినట్టు గోడని వేళ్ళతో కొట్టాడు. ఒకాయన, "పేదోళ్ళకి బ్రహ్మాండంగా ఉంటుందండీ" అన్నాడు. మీరుంటారా అని పెళ్ళాం అడిగితే, "గడ్డిలో ఉండడానికి నేనేమైనా గేదెనా" అన్నాడు. నా పాయిఖానాకి కింద గొట్టం లేదు, అది చూపించడానికే పెట్టారు. తలుపు మీద ఆ మాట రాసి కూడా ఉంది. అయినా కోటు వేసుకున్న ఒక పెద్దాయన లోపలికి పోయి పని కానిచ్చి, నీళ్ళు రావట్లేదని భార్గవ్‌ని కేకలేశాడు. కింద కాలు పెట్టడానికి లేదు. ఆ మధ్యాహ్నం అక్కడే మైకులో ఆరోగ్యం గురించి చెప్పారు.

తర్వాత ఒక కాలేజీ మైదానానికి తీసుకుపోయారు. మళ్ళీ అదే జనరేటర్, అదే ఫ్లెక్సీ. మళ్ళీ ఎర్నమ్మ, మళ్ళీ పాలు. మళ్ళీ మొదటిది నీదే అన్నారు, మళ్ళీ ఆటో ఎక్కించారు. ఆవిడ మళ్ళీ ఒక్క క్షణం పడుకుని లేచింది. గెడ్డ పక్కన ఆడవాళ్ళు ఆవిణ్ణి ఏడిపిస్తున్నారట. "ఎర్నమ్మొదినా, ఇంకెన్నిమార్లే నీ గృహప్రవేశం, మాకు భోజనాలెప్పుడు" అంటున్నారట. భార్గవ్‌కి చెప్పి తనే నవ్వింది. అతను నవ్వలేదు, వినలేదు గనక.

మూడోసారి గాజువాక వైపు. అది వానాకాలం. నా తలుపు తెరవడానికి ఇద్దరు కావలసి వచ్చారు. ఈసారి ఎర్నమ్మ ఆటోలో రాలేదు. తోపుడు బండిమీద మొగుణ్ణి పడుకోబెట్టుకుని, పక్కన చాప, రెండు గిన్నెలు, దీపం పెట్టుకుని తోసుకొచ్చింది.

"ఈయనెందుకమ్మా?" అన్నాడు భార్గవ్.

"ఇంటాయన నేకుండా గృహప్రవేశం ఏటి బాబూ."

పెద్దమనుషులు వచ్చారు. ఎర్నమ్మ ఈసారి తను తెచ్చుకున్న స్టీలు గిన్నెలో పాలు పొయ్యిమీద పెట్టింది. పాలు అంచుదాకా లేచాయి. ఫొటోలవాళ్ళు వంగారు. ఆవిడ కొంగుతో గిన్నె పట్టుకుని కిందకి దించేసింది. పొయ్యి కీచుమంది.

"పొంగనీ అమ్మా, పొంగనీ" అన్నాడు భార్గవ్.

"పొంగితే ఆటో ఎక్కించేత్తారు. ఈ రాత్రికి మమ్మల్ని ఇక్కడ తొంగోనిత్తానంటే పొంగిత్తాను. గెడ్డ నిండిపోయింది బాబూ. మంచం కింద ఎట్టడానికి ఇంక రాళ్ళు నేవు."

పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. నాకు ఆశ పుట్టింది. ఇప్పుడైనా ఎవరో ఒకరు, ఉండనీ పాపం అంటారనుకున్నాను. అనడానికి పెద్ద ఖర్చేమీ లేదు. నేను ఖాళీగానే ఉన్నాను.

భార్గవ్ పక్కకి తిరిగి, "హారికా, నువ్వు రా" అన్నాడు. కంపెనీలో ఫోనులెత్తే పిల్ల. చున్నీ సరిచేసుకుని వచ్చింది. ఇంకో పాకెట్టు చించారు, పొంగించారు. అవే చప్పట్లు, అంతే గట్టిగా. ఎర్నమ్మ తన గిన్నె పట్టుకుని జనంలోంచి బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు. దారి కూడా ఇచ్చారు.

నా మెట్టు మీద కూచుని మొగుడికి ఆ పాలు పట్టింది.

"పంచదారెయ్యలేదేటే?" అన్నాడు అసిరయ్య.

"గృహప్రవేశం పాలు. అలగే తాగు."

తాగాడు. బండి తోసుకుంటూ పోయింది. చినుకులు మొదలయ్యాయి. లోపల జీడిపప్పు ఉప్మా వడ్డిస్తున్నారు.

ఆ తర్వాత నా వెనక వేలు రాలేదు. ఒక్కటి కూడా రాలేదు. గిట్టుబాటు కాదన్నారట. భార్గవ్ వేరే కంపెనీలో చేరాడని విన్నాను, అక్కడ ఏం పొంగిస్తున్నాడో తెలియదు. నన్ను మధురవాడలో పెద్ద మేడలు కడుతున్న కాంట్రాక్టరుకి అమ్మేశారు. ఆయన నన్ను సిమెంటు బస్తాలకి కొట్టుగా వాడుకుంటున్నాడు. సున్నా కర్బనం బోర్డులో సగం ఊడి, సున్నా ఒకటే మిగిలింది. నా గోడలకి సిమెంటు పేరుకుపోయింది. కడుతున్న మేడకి పచ్చని జీవితం అని పేరు పెట్టారు. పని అయిపోతే నన్ను ఇనుప సామాన్ల కొట్టుకి తోలేస్తారు. కాళ్ళకి డబ్బులొస్తాయి. గడ్డికి రావు. తడిసిన గడ్డి వాసన రోతగా ఉంటుంది, అది నా వాసనే. మైకుల వాసన కంటే నయం.

మొన్న కూలీలు మారారు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ బస్తాకి లోపలికి వచ్చి పొయ్యి దిమ్మ దగ్గర ఆగిపోయింది. అక్కడ మాడిన పాల మరక ఇంకా ఉంది. ఆవిడ దానిమీద వేలు రాసింది.

"నువ్వేటి ఇక్కడున్నావు" అంది.

వెనకనుంచి ఇంకో కూలిమనిషి, "ఎవరితోనే మాటలు? మీ ఆయనకెలగుంది?" అంది.

"అలగే ఉన్నాడు. ఈ వానకి మంచం ఇంకా పైకెత్తాను. లేపి కూచోబెడితే తల కప్పుకి తగుల్తోంది" అంది ఎర్నమ్మ.

భోజనాల వేళకి వాన పట్టుకుంది. అందరూ పైన కట్టిన అంతస్తులోకి పరిగెత్తారు. ఎర్నమ్మ నా లోపలికి వచ్చి తలుపు లాక్కుంది. మనిషి పట్టేంత మేర బస్తాలు పక్కకి జరిపి, ఖాళీ గోనె పరిచింది. పడుకుంది. ఈసారి వెంటనే లేవలేదు. కాసేపటికి గురక వినపడింది. నాలో నిద్రపోయిన మొదటి మనిషి.

వాన వెలిశాక మేస్త్రీ సత్తిబాబు వచ్చాడు. "ఎవర్రా లోపల? పని లేదేటి?" అని తలుపు తోశాడు. రాలేదు. భుజం పెట్టాడు, కాలితో తన్నాడు. తిట్టాడు.

నేను కావాలని చేశానని చెప్పను. వానకి ఉబ్బాను, అంతే. కాని ఎర్నమ్మ తనంతట తను లేచేదాకా తెరుచుకోలేదు.