వెంకటరావమ్మ రాగం

"దుర్గా, ఒంగోలు కాలేజీ వాళ్లు సెమినార్‌కి పిలిచారు. ఆధునిక ఐరిష్ కవిత్వం మీద ఎవరెవరి ప్రభావం ఉందో ఒక అరగంటకి సరిపడా రాసిపెట్టు," అన్నారు రాధాకృష్ణమూర్తి గారు పేపర్లోంచి తల ఎత్తకుండానే, మంచినీళ్లు తెమ్మన్నంత తేలికగా.

లక్ష్మీదుర్గ పచ్చడికని పండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. వేళ్లు మండుతున్నాయి. "సరే," అంది.

ఇద్దరూ ఇంగ్లీషు లెక్చరర్లుగానే రిటైరయ్యారు. ఐరిష్ కవిత్వం మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నది మాత్రం ఆమె. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆయనకు జ్వరం వస్తే మర్నాటి ప్రసంగం ఆమె రాసిచ్చింది. చప్పట్లు ఆయనకు పడ్డాయి. ఆ చప్పట్ల వల్ల రెండో ప్రసంగం, దాని వల్ల మూడోది. అలా సాయం అలవాటయింది, అలవాటు హక్కయింది. చివరికి అవి తన మాటలు కావన్న సంగతే ఆయన మరిచిపోయారు. "మా ఆవిడ చేతిరాత ముత్యాల్లా ఉంటుందండీ," అనేవారు స్నేహితులతో. ఆ మెచ్చుకోలు చేతిరాత దగ్గరే ఆగిపోయేది.

రాసిచ్చిన కాగితాలను ఆయన భోజనాల బల్ల మీద పరుచుకుని చదివారు. "ఫ్రెంచి ప్రతీకవాదం, బాగుంది. ఇంగ్లీషు కాల్పనిక కవులు, పాత వీరగాథలు, బాగున్నాయి. ఈ చివర్న ఏంటి, ఏడుపులు?"

"ఏడుపులు కాదండీ. అక్కడ చావింట్లో ఆడవాళ్లు రాగాలు తీసేవాళ్లు. కీనింగ్ అంటారు. ఈనాటి కవుల గొంతులో ఉన్నది..."

"పెద్దమనుషులొచ్చే సభ. నవ్విపోతారు." చివరి రెండు పేజీల మీదా అడ్డంగా గీత పడింది.

ఆ రెండు పేజీలే ఆమె పరిశోధన. ఒక కవి మీద మరో కవి ప్రభావాన్ని అందరూ గ్రంథాలయంలో వెతికితే, ఆమె చావింట్లో వెతికింది. దానికి కారణం మేనత్త వెంకటరావమ్మ. పిడుగురాళ్ల చుట్టుపక్కల ఎవరు పోయినా ఆమెకు కబురు వచ్చేది. మిరప చేలోంచి అలాగే వెళ్లి, శవం తలవైపు కూర్చుని, పోయిన మనిషిని ఎదురుగా నిలబెట్టుకున్నట్టు పిలిచేది, పొగిడేది, నిలదీసేది. కోడలికి కడుపునిండా పెట్టని అత్తగారిని అక్కడే అందరి ముందూ కడిగేసేది. ఆ పూట ఆమె నోటికి అడ్డం వచ్చే ధైర్యం ఊరి పెద్దకైనా ఉండేది కాదు. విశ్వవిద్యాలయంలో మొదటిసారి ఐర్లండు స్త్రీల శోకగీతాల అనువాదాలు చదివినప్పుడు, దుర్గకు వినిపించింది అత్త గొంతే. అక్కడా అదే పిలుపు, అదే పొగడ్త, అదే నిలదీత. మతపెద్దలు ఆ రాగాలను పాపమన్నారు, మర్యాదస్తులు మోటు అన్నారు. చావింటి నుంచి వెళ్లగొడితే ఆ గొంతు కవిత్వంలో తలదాచుకుంది. మొదట మగకవులు అందులోని దుఃఖాన్ని తీసుకున్నారు. తరవాత వచ్చిన స్త్రీలు కోపాన్ని కూడా తీసుకున్నారు. ఆమె సిద్ధాంతమంతా ఇదే.

ఆ మేనత్త పోయిన రోజు దుర్గ రాగం తీయడానికి నోరు విప్పబోతుంటే, భర్త తల్లి కోటేశ్వరమ్మ చెయ్యి పట్టి లాగింది. "కాలేజీలో పాఠాలు చెప్పేదానివి, కూలోళ్లలాగా రాగాలు తీస్తావా? నోట్లో కొంగు కుక్కుకో." ఊరందరికీ రాగం తీసిన మనిషి, రాగం లేకుండానే కాటికి వెళ్లింది.

ఒంగోలులో ఎప్పటిలాగే దుర్గ ముందు వరసలో కూర్చుంది. ఆయన చక్కగా చదివారు. చప్పట్లయ్యాక రెబ్కా అనే ఎమ్మే విద్యార్థిని లేచింది.

"సార్, ఆ కవితల్లో పోయినవాళ్లని ఎదురుగా ఉన్నట్టే పిలిచి తిడతారు, పొగుడుతారు కదా. అది కూడా ఫ్రాన్సు నుంచే వచ్చిందా?"

"అదేదో పాత ఆచారం అమ్మా. కవిత్వానికి దానితో ఏ సంబంధమూ లేదు."

పేజీలు కొట్టేయడం వేరు, ఉన్నదాన్ని కాదనడం వేరు. దుర్గ లేచి వేదిక ఎక్కి, మైకు దగ్గరికి వెళ్లింది.

"సంబంధం ఉందమ్మా," అని మొదలుపెట్టి, ఆ రెండు పేజీల విషయమూ కాగితం లేకుండా చెప్పింది.

"మేడమ్, ఆ రాగం ఎలా ఉంటుంది? మాకు వినిపిస్తారా?" అంది రెబ్కా.

శవం లేని చోట శోకం తీయకూడదు. ముత్తయిదువ అసలే తీయకూడదు. పైగా భర్త వేదిక మీదే కూర్చుని ఉన్నాడు.

"దుర్గా!" అన్నారాయన గొంతు తగ్గించి. "పసుపు కుంకాలతో ఉన్నదానివి. శుభమా అని సభ పెట్టుకుంటే..."

"మీ మీద కాదులెండి, కంగారు పడకండి," అంది ఆమె. అది మైకులో వినపడి సభంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులు సద్దుమణిగాక ఆమె కళ్లు మూసుకుంది.

"ఓ నా అత్తో! మిరప చేలో ఎర్ర కొంగు అత్తో!
ఊరందరి చావుకీ నోరిచ్చిన దానివే,
నీ చావుకి నా నోట్లో కొంగు కుక్కారే!
లేచి అడగవే అత్తో, మా ఇంటి పిల్ల నోరెవరు మూశారని!"

డెబ్బై ఏళ్ల గొంతు చీలింది గానీ తగ్గలేదు. తీసినంతసేపూ ఆమె తల ఎత్తే ఉంది. వెనక వరసల్లో అమ్మాయిలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

సభ ముగిశాక ఇంగ్లీషు శాఖాధిపతి శివరామకృష్ణ, వ్యాసాన్ని సెమినార్ సంచికలో అచ్చు వేస్తామంటూ వచ్చాడు. మూర్తి గారు కాగితాలు అతనికి అందించబోతే, దుర్గ మధ్యలో చెయ్యి పెట్టి తీసుకుంది.

"కొట్టేసిన పేజీలు కూడా వేయాలి. అవి లేకపోతే వ్యాసం లేదు."

"తప్పకుండా మేడమ్. సార్ పేరు కింద మీ పేరు కూడా వేస్తాం."

మూర్తి గారు ఉదారంగా తల ఊపారు.

"కింద వద్దు నాయనా," అంది లక్ష్మీదుర్గ. "ఇది మొదటి అక్షరం నుంచీ నేను రాసిందే. ఆయన పేరు తీసేసి, అక్కడ నాది వేయండి."