టీ పెట్టించుకున్న రోజు

“మాత్ర వేసుకున్నావా?”

భోజనమయ్యాక చెయ్యి కడుక్కుంటూ ఆయన అడిగే మాట అది. గ్యాస్ కట్టేశావా, తలుపు గడియ పెట్టావా అన్న వరసలోనే, అదే గొంతుతో. వేసుకున్నానంటే ఆ రోజుకి సంసారం సర్దుకున్నట్టే. చిన్నవాడు పాలు మానేసినప్పటినుంచి ఏడాదిగా ఆమె ఆ మాటకి ‘ఊ’ అంటూ వస్తోంది. ఆయన చెడ్డవాడేం కాదు. ఎలక్ట్రీషియన్. పరాయివాళ్ళ ఇళ్ళల్లో గోడ లోపల వైరు వేడెక్కుతుంటే చెయ్యి ఆనించి చెప్పేయగలడు. పక్కనున్న మనిషికి లోపల ఏమవుతోందో చూడాలని మాత్రం తోచలేదు.

ఆమె దర్జీ దుకాణంలో కటింగ్ చేస్తుంది. గర్భం రాకుండా వేసుకునే ఆ మాత్రలు మొదలుపెట్టిన మూడో నెలనుంచి కళ్ళముందు మెరుపు గీతలు వంకరటింకరగా పాకేవి, ఆ వెనకే తల పగిలిపోయేది. తలకి గుడ్డ బిగించి కట్టుకుని పిల్లలకి స్నానాలు పోసేది, వంట చేసేది, దుకాణానికి పరిగెత్తేది. “తలనొప్పి ఎవరికి రాదు?” అనేవాడు ఆయన. నిజమే కాబోలు, తనకే ఓర్పు తక్కువేమో అనుకునేది. అలాంటి రోజునే గుడ్డ తిప్పి పరవడం మరిచిపోయి, ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించింది. పదిహేనేళ్ళ పనిలో ఎన్నడూ జరగని తప్పు.

“రెండూ ఎడమ చేతులే ఉన్న మనిషి వచ్చేదాకా దీన్ని దాచి ఉంచమంటావా, అమ్మా?” అన్నాడు దుకాణం యజమాని. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. సాయంత్రం మాత్రం ఇంటికి కాకుండా ఆసుపత్రికి నడిచింది.

డాక్టరమ్మ అడక్కుండానే లేచి, ఎండ ఆమె కళ్ళల్లో పడకుండా కిటికీ తెర లాగింది. మెరుపుల సంగతి పూర్తిగా విని, “ఈ మాత్రలు మీకు పనికిరావు. ఇవాళే మానేయండి. ఇది మీ ఓర్పు సంగతి కాదు,” అంది. ఆ చివరి మాటకి ఆమెకి కళ్ళు చెమర్చాయి.

వేరే దారులూ చెప్పింది. ఆపరేషన్ ఉంది. మగవాళ్ళకైతే ఇంకా తేలిక. లేదంటే గర్భసంచిలో పెట్టే కాపర్ టీ ఉంది. అందులో హార్మోన్ల ఊసే ఉండదు, పదేళ్ళదాకా పనిచేస్తుంది, వద్దనుకున్న రోజు తీసేస్తారు. మొదటి కొన్ని నెలలు నెలసరి కాస్త ఎక్కువవచ్చు, కడుపులో నొప్పి రావచ్చు. “చివర సన్నటి దారం ఉంటుంది. అది ఉందో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి,” అంది డాక్టరమ్మ.

“దారం సంగతి నాకొదిలేయండి,” అంది ఆమె.

దారి పొడుగునా ఆలోచించింది. కత్తిరించిన గుడ్డని అతకాలంటే ఎంత తంటానో తన చేతులకి తెలుసు. ఇదైతే టాకా వేసినట్టు. గట్టిగానే ఉంటుంది, కావాలంటే విప్పుకోవచ్చు. విప్పాలా వద్దా అన్నది, కత్తెర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళిష్టం. ఇన్నాళ్ళూ దుకాణంలో కత్తెర తన చేతిలో ఉంది, ఇంట్లో లేదు.

ఆయనతో చెబితే ముందు, “మగవాళ్ళకి ఆపరేషనా? నేను నిచ్చెనలెక్కేవాణ్ణి కదే,” అన్నాడు. నీళ్ళ బిందె ఒక చంకన, చిన్నవాడు ఇంకో చంకన, తను రోజూ మూడంతస్తులు ఎక్కుతుందని ఆమెకి గుర్తొచ్చింది. తర్వాత, “రాగిదా? మంచిదే. అల్యూమినియమైతే ఒప్పుకునేవాణ్ణి కాదు,” అని తన వైర్ల హాస్యానికి తనే నవ్వుకుని, “చూద్దాంలే,” అన్నాడు. వంటింట్లో బల్బు మినుకుమినుకుమంటూ ఎనిమిది నెలలయింది. అదీ ఆ చూద్దాంలోనే ఉంది.

మర్నాడు పొద్దున బట్టలారేస్తూ ఆసుపత్రికి ఫోన్ చేసింది. “గురువారం వచ్చి కాపర్ టీ పెట్టించుకుంటానండీ.”

ఫోన్ పెట్టేసరికి వెనక అత్తగారు. ముఖం చిన్నబోయి ఉంది. గబగబా లోపలికి వెళ్ళింది. కాసేపటికి బీరువా మీదనుంచి ఎప్పటిదో రాగి గ్లాసు దించి, తళతళా తోమి, అందులో పొగలుకక్కే టీ పోసి, కాలకుండా గుడ్డ చుట్టి పట్టుకొచ్చింది.

“నేను పెట్టే టీ బాగోదని నాతోనే అనొచ్చు కదమ్మా. రాగి గ్లాసులో తాగాలంటే మనింట్లో లేదా? గురువారం ఎక్కడికో పోయి పెట్టించుకోవడమెందుకు?”

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి గోడకి జారబడి కూర్చుంది. పక్కన అత్తగారిని కూర్చోబెట్టుకుని, ఆ టీ ఏమిటో, ఎందుకో, తలనొప్పినుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది.

“ఐదుగుర్ని కన్నాను,” అంది అత్తగారు. “ఒక్కసారి మాత్రం వద్దనుకున్నాను. ఒంట్లో ఓపిక లేదు. ఎవరితో అంటాం? అప్పుడు పుట్టినవాడే మీ ఆయన.” వెంటనే కంగారుగా, “పుట్టాక వాడే ముద్దొచ్చాడనుకో. వాడితో అనకు.”

“అనను అత్తయ్యా.”

“గురువారం పిల్లల్ని నేను చూసుకుంటాలే. ఆ టీ చల్లారిపోతోంది, తాగు.”

గురువారం నర్సు అడిగింది, “మీ ఆయనకి చెప్పారా?”

“చెప్పాను. చూద్దామన్నారు. నేను చూసేశాను.”

కొన్ని నిమిషాల పని. పొత్తికడుపులో గట్టిగా మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. ఆమె నర్సు చెయ్యి పట్టుకుంది, నర్సు పట్టుకోనిచ్చింది. ఇంటికొచ్చేసరికి మంచం మీద దుప్పటి పరిచి ఉంది, వేడినీళ్ళ సంచీ సిద్ధంగా ఉంది. ఎండ ఉండగా తను పడుకుని ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం వైరు చుట్ట భుజాన వేసుకుని ఆయన వచ్చాడు. “ఏమోయ్, టీ ఉందా?”

“అమ్మాయి పెట్టించుకుంది,” అంది అత్తగారు తాపీగా. “నీక్కావాలంటే నువ్వే పెట్టుకో.”

ఆయన ఇద్దరి ముఖాలూ చూశాడు. వేడినీళ్ళ సంచీ చూశాడు. అర్థమైనట్టుంది. వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెల చప్పుడు, టీపొడి డబ్బా దొరకని విసుగు. తర్వాత స్టూలు లాగిన శబ్దం. మినుకుమినుకుమనే బల్బు వెలుతురు గుమ్మందాకా వచ్చి నిలకడగా ఆగింది.

“చక్కెర ఎంత వేయను నీకు?” అని లోపల్నుంచి అడిగాడు.

పదేళ్ళుగా ఆమె గిన్నెలో మిగిలిందే తాగుతోంది. కళ్ళు మూసుకుని, తనకెంత చక్కెర ఇష్టమో తీరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టింది.