కాపీ అయ్యేదాకా

ఆదివారం సాయంత్రంలోగా అతను ఇల్లు వదిలి వెళ్ళాలి. బట్టలు, కెమెరా, లైట్లు అప్పటికే కింద వ్యానులోకి చేరాయి. మిగిలింది కంప్యూటర్‌లో ఉన్న అతని పని. ఇన్నేళ్ళుగా తీసిన వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి, కంప్యూటరేమో భార్యది. అరచేతిలో ఇమిడే ఎస్‌ఎస్‌డీ డ్రైవులోకి వాటిని ఎక్కించుకుంటే ఇక ఈ గడప తొక్కే పనుండదు. ఇద్దరి మధ్యా గొడవలు కూడా అయిపోయాయి. అరుచుకునే ఓపిక ఎప్పుడో అడుగంటింది.

కాపీ మొదట్లో పరుగు అందుకుంది. ముప్పావుగంట చాలన్న తెర, కాసేపటికి మూడు గంటలంది, ఆ తర్వాత ఏడంది. అతను డ్రైవు పీకి మళ్ళీ పెట్టాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. అదే తంతు. వంటింట్లో ఉన్న భార్య పనిచేసేది కంప్యూటర్లు బాగుచేసే షాపులోనే. అయినా పిలవడానికి అతనికి నోరు రాలేదు.

చివరికి సామాను మోయడానికి వచ్చిన అతని తమ్ముడే మొహమాటం వదిలాడు.

"వదినా, ఒక్కసారి చూడవా? అవతల వ్యాను తిరిగి ఇచ్చేయాలి."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు కేబుల్ చూసింది.

"ఇది ఫోను చార్జింగ్‌ది. దీంతో తెల్లారినట్టే." సొరుగులోంచి వేరే కేబుల్ తీసి కంప్యూటర్ వెనక గుచ్చింది. వేగం పెరిగింది, అంతలోనే మళ్ళీ చతికిలబడింది. డ్రైవు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. "పెనంలా కాలిపోతోంది. లోపల ఖాళీ ఎంతుంది?"

"పెద్దగా లేదు," అన్నాడు అతను.

"అదీ సంగతి. ఇచ్చింది ఇచ్చినట్టు మొదట గబగబా తీసుకుంటుంది. సర్దుకోవడానికి చోటు లేకపోతే ఇలాగే ఈడుస్తుంది. పాతవేవైనా తీసేయ్."

అతను డ్రైవు తెరిచాడు. అన్నిటికంటే పెద్ద ఫోల్డర్ పేరు 'ఇల్లు'. కొందామని ఇద్దరూ తిరిగి చూసిన ఇళ్ళ వీడియోలు. ఒకటి నొక్కాడు. సామాను లేని గదిలో ఆమె చేతులు బారచాపి నిలబడి నవ్వుతోంది. "ఇక్కడ నీ టేబుల్. ఈ మూల కూచుని నువ్వు నా ప్రాణం తీస్తావు!"

తమ్ముడు నెమ్మదిగా బాల్కనీలోకి జారుకున్నాడు.

"ఇవి నీ దగ్గర ఇంకెక్కడైనా ఉన్నాయా?" అని అడిగాడు అతను.

"లేవు."

"మరి, తీసేయనా?"

వద్దు అనే మాట ఆమె గొంతుదాకా వచ్చింది. ఉంచేసి ఏం చేస్తాడు? ఏ గదిలో కూచుని చూసుకుంటాడు? తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని తను మాత్రం ఏం చేస్తుంది?

"నీ డ్రైవు, నీ ఇష్టం," అంది.

అతను ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత తీసేశాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూచుంది. ఖాళీ అయిన చోటు ఖాళీ అయిందని డ్రైవుకు తెలిసేలా ఏవో రెండు ఆదేశాలు కొట్టింది. టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పింది. అది చల్లబడేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. మళ్ళీ మొదలుపెడితే కాపీ ఎక్కడా ఆగకుండా సాగింది. తెర మీద మిగిలిన సమయం కరిగిపోతుంటే కాపీ ఇంకొక్కసారి ఆగిపోతే బాగుండుననుకున్నాడు అతను. అది ఆగలేదు.

"వదిన చెయ్యి పడితే మాటలా!" అంటూ లోపలికొచ్చిన తమ్ముడు వాళ్ళ మొహాలు చూసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె డ్రైవు తీసి, కేబుల్ చుట్టి, రెండూ భర్త చేతిలో పెట్టింది.

"ఇది కూడా ఉంచుకో. ఆ చార్జింగ్‌దాంతో మళ్ళీ తంటాలు పడతావు."

గుమ్మం దగ్గర తమ్ముడు చెప్పులేసుకుంటూ, "వస్తాం వదినా," అన్నాడు అలవాటుగా.

అతను తల ఎత్తలేదు.

"వెళ్తాను," అన్నాడు.

రోజూ పనికి బయలుదేరేటప్పుడు 'వస్తాను' అనేవాడే తప్ప అతను ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆమె సరేనన్నట్టు తలూపి, వాళ్ళు మెట్లు దిగకముందే తలుపు వేసేసుకుంది.