మిద్దె మీది డబ్బా

ఆ ఉదయం ఫరీన్‌కు కాలూ చేయీ ఆడలేదు. దుమ్ము హెచ్చరికలు పంపే అనంతపురం ఆఫీసులో ఆమె ముందు రెండు తెరలున్నాయి. ఒకదానిలో ప్రపంచ పటం. ఉపగ్రహాలు చూసినదీ, కంప్యూటర్లు లెక్కగట్టినదీ కలిపి ఎక్కడి గాలిలో ఎంత దుమ్ముందో రంగుల్లో చూపే పటమది. అరబ్బు ఎడారుల్లో లేచిన దుమ్ము సముద్రం దాటి వచ్చి, ఉరవకొండ మీద ముదురు ఎరుపై కూర్చుంది. రెండో తెరలో, ఉరవకొండ పక్కనే ఉన్న సొంతూళ్లో, తమ మిద్దె మీద తనే బిగించి వచ్చిన డబ్బా పంపే అంకె. గాలిలోని సన్నదుమ్మును కొలిచే డబ్బా అది. ఆ చుట్టుపక్కలకంతా అదొక్కటే. అదేమో గాలి శుభ్రంగా ఉందని పచ్చరంగు చూపిస్తోంది.

ఎవరి మాట వినాలి? పోయిన నెల పటం ఇలాగే బెదరగొట్టింది. నమ్మి ఊళ్లన్నిటికీ హెచ్చరిక పంపితే ఆ రోజు గాలి కడిగినట్టుంది. జనం పడీ పడీ నవ్వారు. అప్పటినుంచీ పై అధికారి భరత్, డబ్బా కూడా అవునంటేనే హెచ్చరిక అంటున్నాడు. కిటికీలోంచి చూస్తే ఆకాశం మసకగానే ఉంది. అయితే ఏం? ఆషాఢం గాలికి ఈ సీమలో ఆకాశం ఎప్పుడు తేటగా ఉంది గనుక!

అంతలో అమ్మ ఫోన్. జుబేదాబీకి ఉబ్బసం. గాలి బాగాలేని రోజు పనికి పోవద్దని కూతురే కట్టడి పెట్టింది కాబట్టి, రోజూ అడిగి మరీ బయలుదేరుతుంది. పొరుగింటి ఓబులమ్మ చేలో కంప ఏరే పని ఉందట.

"పోయేదా, వద్దా పాపా?"

ఊళ్లో దుమ్మెలా ఉందని ఫరీన్ అడిగింది. ఎప్పుడూ ఉండేదే, గాలి మాత్రం కాస్త ఎక్కువ అంది అమ్మ. ఇదేం జవాబమ్మా తల్లీ! ఫరీన్ పొమ్మనబోయి ఆగింది, వద్దనబోయి మళ్లీ ఆగింది. ఎక్కడో ఆకాశంలో తిరిగేవాటికి మా ఊరి గాలి సంగతేం తెలుసు, డబ్బా ఊళ్లోనే ఉంది కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

"పోమ్మా. గాలి బాగుండాది."

భరత్‌కూ అదే చెప్పింది. హెచ్చరిక ఆగిపోయింది.

మధ్యాహ్నం ఓబులమ్మ ఫోన్ చేసింది. "మీ యమ్మకు చేలోనే ఊపిరాడల్యా. ఉరవకొండ ఆసుపత్రికి తెచ్చినాం. బిర్నా రా."

బస్సులో ఫరీన్ ఫోన్ చూస్తూనే ఉంది. డబ్బా ఇంకా పచ్చగానే ఉంది. కిటికీ బయట మాత్రం ఎదురొచ్చే లారీ మీదికొచ్చేదాకా కనబడటం లేదు. ఇంత దుమ్ము ఆ ఒక్క మిద్దెను వదిలేసి పోతోందా? కళ్లను నమ్మాలా, అంకెను నమ్మాలా? ఆమెకు పిచ్చెక్కేలా ఉంది.

ఆసుపత్రి వరండా నిండా దగ్గుతున్న జనం. మంచం మీద అమ్మ ముఖానికి ఆవిరి మాస్కు. ఆమె డొక్కలు ఎగసిపడుతుంటే ఫరీన్‌కు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. డబ్బాను ఎవరన్నా ముట్టుకున్నారా అని అడిగింది.

జుబేదాబీ మాస్కు కిందికి లాగింది.

"నేనే పాపా. గాలి యెక్కువుండాదని తెల్లార్తోనే నా పాత చీర నాలుగు మడతలేసి చుట్టినా. చానా పిరెం, వేలు పోసి కొన్నారంటివే. లోపలికి దుమ్ము పోతే ఆఫీసోళ్లు నిన్నంటారని."

చీర లోపలి గాలిని చూసి, అమ్మను చేలోకి పంపింది తను. అమ్మనేనా? వరండాలో ఉన్నవాళ్లందరినీ కూడా. ఫరీన్ భరత్‌కు ఫోన్ చేసి, పటం చెప్పిందే నిజమని, హెచ్చరిక ఇప్పుడే పంపమని చెప్పింది. ఇంత ఆలస్యంగా అది ఎవరికి పనికొస్తుందో ఆమెకు తెలియలేదు.

అమ్మ ఆమె కొంగు పట్టి లాగింది.

"డబ్బాకేమీ కాల్యా కదా?"

ఏమీ కాలేదని తలూపి, ఫరీన్ మాస్కును మళ్లీ అమ్మ ముఖానికి ఆనించి గట్టిగా పట్టుకుంది.