గ్లోరీ గొంతులో గరగర

ఆలేరులో డానియల్ ఇంటి వెనకే రైలు పట్టాలు. బండి పోయేదాకా ఆగి, కిటికీ మూసి, తలుపుకు బొంత వేలాడదీసి, అప్పుడు పాట రికార్డు చేసేవాడు. ఉన్నది పాత కంప్యూటరు, చవక మైకు. ఆదివారం పాడే పాటలు శుభ్రంగా రికార్డు చేసి చర్చికి వచ్చేవాళ్లందరి ఫోన్లకూ పంపాలని అతని ఆశ.

పాడేది అతని అన్న భార్య గ్లోరీ. ఆమె పల్లవి ఎత్తుకుంటే చర్చిలో వెనక వరుసలో గుసగుసలు ఆగిపోయేవి. కానీ కంప్యూటరులో వింటే పాట వెంట ఏదో గరగర. డానియల్ ఆమె చేత మళ్లీ మళ్లీ పాడించాడు. చివరికి విసుగొచ్చి, వంత పాడటానికి వచ్చిన ఆడవాళ్లందరి ముందే అనేశాడు.

"తప్పు మిషిన్ది కాదు వదినె. నీ గొంతే జీరవోయింది. గరగర అంటాంది."

గ్లోరీ నవ్వబోయి ఆగిపోయింది. కొంగుతో నోరు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఆమె పాడలేదు. మిరియాల కషాయం తాగుతోందని, భువనగిరి దవాఖానలో చూపించుకుందని అన్న చెప్పాడు. "గొంతు మంచిగనే ఉందన్నడు డాక్టరు. అయినా పాడనంటాంది."

ఆమె బదులు కోమల అనే అమ్మాయి చేత పాడించాడు. అదే గరగర. అనుమానం వచ్చి, ఎవరూ లేని గదిని రికార్డు చేసి విన్నాడు. అప్పుడూ గరగరే. కంప్యూటరు డబ్బాలోని కరెంటు గోల మైకు తీగలోకి దూరుతోంది. సికింద్రాబాద్ పోయి, తక్కువ ధరకు దొరికే చిన్న సౌండు కార్డు తెచ్చి డబ్బాకు బయట తగిలించి, మైకును దానికి కలిపాడు. గరగర మాయమైంది.

సంతోషించాల్సిందే. కానీ వదిన పాడిన పాత పాట మళ్లీ పెట్టుకుని విన్నాడు. ఆ గోల అడుగున ఆమె గొంతు తేటగా ఉంది. జీర ఎక్కడా లేదు.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. అన్న ఇంటికి పోయి, "కొత్త మిషిన్ తెచ్చిన వదినె. ఇగ నీ గొంతు మంచిగ వినిపిస్తది," అన్నాడు.

ఆమె ముఖం విప్పారింది. "నా గొంతు ఎట్లున్నా గా మిషిన్ సక్కగ చేస్తదా? దేవుడు నిన్ను సల్లగ సూడాలె డానియలు," అంటూ చాయ పెట్టి ఇచ్చింది.

ఆ దీవెన అతనికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. చాయ గ్లాసు పక్కన పెట్టాడు. ఫోన్ తీసి, అందులోకి ఎక్కించుకున్న ఖాళీ గది రికార్డు వినిపించాడు.

"గిదేంది? ఎవలు పాడుతలేరు కదా?"

"ఎవలూ లేరు. గరగర నా కంప్యూటర్ది వదినె. అప్పుడు తెల్వక నీమీద ఏసిన. ఇప్పుడు తెల్సి కూడ అబద్ధమాడిన."

గ్లోరీ ఫోన్‌ను పక్కకు నెట్టింది.

"అన్నం వండుకుంట గూడ పాడుడు బంద్ చేసిన," అంది. "అందరి ముందర అన్నవు. అందరి ముందరనే చెప్పు."

ఆదివారం ప్రార్థన అయ్యాక, పాస్టరు ఏసోబును అడిగి డానియల్ లేచి నిలబడ్డాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న తల దించుకోవడం చూసి ఇంకా కుంచించుకుపోయాడు.

అప్పుడు గ్లోరీ లేచి పల్లవి ఎత్తుకుంది. మొదట కాస్త వణికినా, రెండో చరణానికి ఆమె గొంతు చర్చి అంతా నిండింది. అలవాటు కొద్దీ డానియల్ చెయ్యి ఫోన్ మీదికి పోయింది. ఆమె పాడుతూనే అతన్ని చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అతను ఫోన్ జేబులో పెట్టేసి, తల వంచుకుని విన్నాడు.